పంతొమ్మిది పేజీలు, అరకాగితం

ఆ కార్యాలయంలో ఎంతటి కష్టానికైనా దక్కేది అరకాగితమే. పనిలోంచి తీసేసినవాళ్లూ, హోదా తగ్గించబడినవాళ్లూ, చెప్పాపెట్టకుండా దూరపు శాఖకు విసిరివేయబడినవాళ్లూ పేజీలకు పేజీలు రాసుకొచ్చి కింది అంతస్తులోని కిటికీలో ఇచ్చేవారు. ఆ అప్పీళ్లను విని తీర్పు చెప్పే ముగ్గురు సభ్యుల మండలి పై అంతస్తులో కూర్చునేది. మండలి వాటిని చదివేది కాదు. చదవకపోవడం తప్పని అక్కడ ఎవరికీ తోచేది కూడా కాదు. ఫైలు మీద గుండుసూదితో గుచ్చిన అరకాగితం ఒకటుంటుంది, దాన్ని చదివేది. దానికి నియమావళిలో ఉన్న పేరు సంగ్రహపత్రం. ఒక మనిషి ఇక రేపటి నుంచి పనికి వెళ్లవచ్చా, వెళ్లకూడదా అన్నది ఆ జానెడు కాగితం మీద ఏముంటే దాన్నిబట్టి తేలిపోయేది.

ఆ కాగితాలు రాసే గుమాస్తాల్లో ఇరవై ఏడేళ్లుగా రాస్తూ వచ్చిన ఆమెను అందరూ అరకాగితం అక్క అనేవారు. మొదట ఎవరో వెటకారానికి అన్నారు. తర్వాత ఆ వెటకారం అరిగిపోయి పేరు మిగిలింది. ఆమెకు అది అవమానంగా తోచలేదు. తోచిందల్లా ఒక్కటే: మండలి చదవనిది తాను చదివి పెడుతున్నది కాబట్టి, తాను తప్పు చదివితే దిద్దేవాళ్లు ఇక ఎవరూ లేరు.

అందుకని ఆమె ప్రతి అప్పీలునూ మూడుసార్లు చదివేది. మొదటిసారి పెన్సిలు ముట్టేది కాదు. రాసిన మనిషి గొంతు వినబడేదాకా ఊరికే చదివేది. రెండోసారి ఒక్కొక్క పేరా దగ్గర ఆగి, దాన్ని అరచేత్తో మూసి, ఇది లేకపోతే ఈ మనిషి మొర ఏమవుతుందని తనను తాను అడిగేది. ఏమీ కాకపోతే అది కొమ్మ. మొత్తం కూలిపోతే అది దూలం. మూడోసారి చదివాక ఫైలు మూసేసి, చూడకుండా రాసేది. చూస్తూ రాస్తే వాళ్ల మాటలు కాపీ అవుతాయి, చూడకుండా రాస్తే వాళ్ల విషయం వస్తుంది అనేది. తన అభిప్రాయం మాత్రం ఒక్క అక్షరం కూడా కలిపేది కాదు.

ఒకసారి ఒక గోదాము కాపలాదారు నలభై పేజీలు రాశాడు. అందులో ముప్పై పేజీలు పక్కింటి కుక్క గురించి, మిగతావి ఆ కుక్క యజమాని గురించి. కార్యాలయమంతా నవ్వుకుంది. అక్క మూడో చదువు పూర్తిచేసి ఒకే విషయం పట్టుకుంది. ఆ మనిషికి ఒక చెవి వినబడదు. కుక్క అరుపు వినలేదనే నేరం మీద అతన్ని తీసేశారు. ఆ చెవి పోయింది ఆ గోదాములోనే, పదేళ్ల కిందటి పేలుడులో. ఆ సంగతి అతను కుక్క రంగు చెప్పే వాక్యానికి తోకగా రాసుకున్నాడు. మనుషులు తమకు జరిగినదాన్ని ఎప్పుడూ నెత్తి మీద పెట్టుకుని రారు, ఎక్కడో మడతలో పెట్టుకుని వస్తారు, ఆ మడత విప్పడమే మన జీతం అని ఆమె కొత్తగా చేరినవాళ్లకు చెప్పేది. ఆ మాట విన్నవాళ్లలో ఒక్కరూ ఆ సీట్లో ఏడాది నిలవలేదు.

ఆమె ఇంకొక పని కూడా చేసేది. రాసిన ప్రతి సంగ్రహానికీ కార్బను ప్రతి ఇంటికి తీసుకువెళ్లేది. మంచం కింద రెండు రేకు పెట్టెలు, అటక మీద మూడు. పుస్తకాల ప్రెస్సులో ప్రూఫులు దిద్ది విశ్రాంతి తీసుకుంటున్న భర్త, ఈ ఇంట్లో మనం కాగితాలకు అద్దెకున్నామని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

అలాంటి చోటికి కొత్త సూపరింటెండెంటు వచ్చాడు. ఎక్కడో మూడు రోజుల శిక్షణ పొంది, నాలుగో రోజున మేధావిగా తేలినవాడు. వచ్చిన వారానికే ఒక సర్క్యులరు తీశాడు. సంగ్రహం అయిదు పంక్తులు మించరాదు. దరఖాస్తులో ఏ విషయం ఎక్కువసార్లు ప్రస్తావనకు వచ్చినదో దానినే ప్రధానాంశంగా పరిగణించవలెను. ఇందునిమిత్తం ప్రస్తావనల లెక్క విడి కాగితంపై గీతలు గీసి జతపరచవలెను. చదవడాన్ని కాకిలెక్కగా మార్చిన ఆ సర్క్యులరుకు చుట్టుపక్కల బల్లలవాళ్లంతా సంతోషించారు. గీతలు గీయడానికి ఫైలు అర్థం కానవసరం లేదు కదా. అక్క సర్క్యులరును రెండుసార్లు చదివి, నకలు ఒకటి సంచీలో పెట్టుకుని, తన పద్ధతి తాను మానలేదు.

అప్పుడు వచ్చింది లాండ్రీ మనిషి అప్పీలు.

ఆమె ఒక ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే యంత్రం దగ్గర పదకొండేళ్లు పనిచేసింది. ఆజ్ఞ ధిక్కరించిందని తీసేశారు. నోటుబుక్కులోంచి చింపిన పంతొమ్మిది పేజీల మీద, నాలుగు రోజులు కూర్చుని, తన చేత్తోనే రాసుకొచ్చింది. లాండ్రీ మేస్త్రీ తనను అన్న మాటలు, అతను నవ్విన తీరు, నడుం నొప్పికి కుర్చీ అడిగితే, సెలవు అడిగితే అందరి ముందూ చేసిన ఎగతాళి, తన అన్నకు కబురు పంపి చెప్పిన చాడీ, మళ్లీ అతను అన్న మాట, మళ్లీ నవ్వు. ఆ మాట ఏమిటో ఎక్కడా రాయలేదు. అనరాని మాట అన్నాడు అని మాత్రమే రాసింది, ప్రతిసారీ.

పద్నాలుగో పేజీ మధ్యలో మాత్రం ఒక వాక్యం ఉంది. వేడి రోలర్ల ముందు ఒక కడ్డీ ఉంటుందని, చెయ్యి దానికి తగిలితే యంత్రం ఆగుతుందని, పని ఆలస్యమవుతోందని ఆ రోజు ఆ కడ్డీని తాడుతో పైకి కట్టేశారు కాబట్టి నేను నడపనన్నానని, నా బదులు నిలబడిన ఆవిడ చెయ్యి మరుసటి వారం రోలర్లలో పోయిందని, ఆవిడ సంగతి తర్వాత రాస్తాననీ ఉంది. తర్వాత రాయలేదు. తర్వాతి వాక్యం మళ్లీ మేస్త్రీ నవ్వు గురించే.

అక్క అరచేతిని ఆ వాక్యం మీద పెట్టి మూసింది. పంతొమ్మిది పేజీలూ కుప్పకూలాయి. మిగిలింది ఒక గయ్యాళి మనిషి, ఒక కోపిష్టి మేస్త్రీ. చెయ్యి తీసింది. అన్నీ లేచి నిలబడ్డాయి. కడ్డీ ఎందుకు కట్టారంటే అది మాటిమాటికీ యంత్రాన్ని ఆపి పని ఆలస్యం చేస్తున్నందుకు. ఆమె ఎందుకు ధిక్కరించిందంటే చెయ్యి కాపాడుకోవడానికి. అక్క అరకాగితం నిండా ఆ సంగతే రాసి, గాయపడిన ఆవిడ వివరాలు ఆసుపత్రి నుంచి తెప్పించవలెనని చివర సూచించి, రబ్బరు ముద్ర వేసి, ఫైలు సూపరింటెండెంటు గదికి పంపింది.

మండలి ఉత్తర్వు ఇచ్చిన ఇరవై రెండు రోజులకు ఆ ఫైలు భద్రపరచడానికి తిరిగి ఆమె బల్ల మీదికి వచ్చింది. పైన ఉత్తర్వు ఉంది: తిరస్కరించడమైనది. దాని కింద అరకాగితం ఉంది. అది ఆమెది కాదు.

అయిదు పంక్తులు. మేస్త్రీ మాటతీరు దరఖాస్తుదారుకు నచ్చలేదని, ఈ విషయం ఇరవై మూడుసార్లు ప్రస్తావించబడినదని, కుర్చీ కోరిక తొమ్మిదిసార్లని, మేస్త్రీ క్షమాపణ చెప్పవలెనని దరఖాస్తుదారు కోరుచున్నదనీ ఉంది. వెనక ఇంకో కాగితం మీద గీతలు, నాలుగు నిలువు గీతలకొక అడ్డగీత చొప్పున, పద్దుగా. కడ్డీ అన్న మాట పక్కన ఒకే ఒక గీత. అడుగున, తయారుచేసినవారు అన్న గడిలో, అక్క రబ్బరు ముద్ర.

ఆమె లేచి నేరుగా సూపరింటెండెంటు గదిలోకి వెళ్లింది. ఆయన కూర్చోమనలేదు. తాను రాసినది ఏమైందని అడిగితే, నిబంధనల ప్రకారం లేనందున పక్కన పెట్టానన్నాడు. పక్కన అంటే ఎక్కడ అని అడిగితే చెత్తబుట్ట వైపు కూడా చూడకుండా, అది ముఖ్యం కాదన్నాడు.

“నా ముద్ర ఎందుకు వేశారు?”

“గడి ఖాళీగా పంపకూడదు కదక్కగారూ. ముద్ర మీ బల్ల మీదుంది. తెప్పించా.”

“అందులో ఆవిడ చెప్పిన మాట లేదు.”

“ఇరవై మూడుసార్లు చెప్పిన మాట వదిలేసి ఒక్కసారి చెప్పిన మాట పట్టుకుంటే ఎట్లా? మండలి అధ్యక్షులవారికి కళ్లజోడు తుడుచుకునేంత తీరికే దొరుకుతుంది. అందులో అయిదు లైన్లే పడతాయి.” అని ఆయన నవ్వి, ఆమె పదవీ విరమణకు ఇంకా ఎన్ని నెలలున్నాయో తనకు గుర్తు లేనట్టు అడిగాడు. మూడు నెలలని ఆయనకు తెలుసు. ఆ మూడు నెలలూ ప్రశాంతంగా గడిస్తే అందరికీ మంచిదన్నాడు.

ఆమె బయటికి వచ్చి నియమావళి తీసింది. పదకొండో నియమం ఇరవై ఏడేళ్లలో ఎవరూ వాడింది కాదు. మండలి ముందుంచిన సంగ్రహం దరఖాస్తులోని ప్రధాన విషయాన్ని చెప్పకపోయినట్లయితే, ఉత్తర్వు వెలువడిన ముప్పై రోజుల్లోగా దరఖాస్తుదారు పునఃపరిశీలన కోరవచ్చును. ఇరవై రెండు రోజులు గడిచిపోయాయి. ఎనిమిది మిగిలాయి. దరఖాస్తుదారు సంతకం కావాలి. ఆ ఎనిమిది రోజులూ దాటితే లాండ్రీ మనిషికి ఇక ఏ గుమ్మమూ లేదు. ఆజ్ఞ ధిక్కరించి పని పోగొట్టుకున్న మనిషిగా ఆమెను ఇంకో లాండ్రీ కూడా గడప తొక్కనివ్వదు.

ఆ సాయంత్రం అక్క మంచం కింది పెట్టె లాగి కార్బను ప్రతి తీసింది. భర్త కళ్లజోడు పెట్టుకుని, అలవాటు ప్రకారం ముందు అచ్చుతప్పులు వెతికి, లేవని నిరాశపడి, తర్వాత విషయం చదివాడు. రెండోసారి కూడా చదివాడు. సొంత కార్యాలయం మీద సాక్ష్యం చెబితే ఏం జరుగుతుందో తెలుసా అని అడిగాడు. తెలుసంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని, ఆ లాండ్రీ మనిషి ఇంతవరకూ నోరెత్తలేదు కదా అన్నాడు.

“ఆవిడకి తెలిసి ఉండదు. ఆవిడ చెప్పిందే విని కాదన్నారనుకుంటూ ఉంటుంది.”

“ఒక్క తప్పు దిద్దడానికి పదహారు పేజీల ఫారం మొత్తం మళ్లీ కంపోజు చేయించే రకం నువ్వు. మా ప్రెస్సులో ఉంటే రెండో రోజే గెంటేసేవాళ్లు.”

“మూడో రోజు మీ ప్రెస్సు మూతపడేది.”

ఆయన కళ్లజోడు తీసి, ఆ కార్బను ప్రతి ఒక్కటే ఉంటే ప్రమాదమని, రేపు పొద్దున్నే నకళ్లు తీయించుకొస్తాననీ అన్నాడు. ఆయన ఒప్పుకోవడమంటే అదే.

మర్నాడు అక్క సెలవు పెట్టి ఫైల్లోని చిరునామా పట్టుకుని వెళ్లింది. మూడు వాటాల ఇల్లు. మధ్య వాటా లాండ్రీ మనిషి అన్నగారిది. తలుపు తీసింది వదిన. ఎవరు కావాలని అడిగి, ఆడపడుచు పేరు విని, ఆవిడగారు ఇప్పుడు ఇంట్లోనే ఉద్యోగం చేస్తున్నారు, పొద్దున్నించీ నా వంటకి వంకలు పెట్టే ఉద్యోగం అని లోపలికి వినబడేలా చెప్పి పక్కకు తప్పుకుంది.

లాండ్రీ మనిషి వంటగది పక్కనున్న ఇరుకు గదిలో నేల మీద కూర్చుని దిండు గలీబు కుడుతోంది. ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు, రోలర్ల దగ్గర పనిచేసినవాళ్లకుండేవి. అక్క తానెవరో చెప్పగానే సూది ఆగింది. ఆమె లేచి, తలగడ కింద నుంచి మడత పెట్టిన కాగితం తీసి అక్క ముఖం ముందు పెట్టింది. ఉత్తర్వు నకలు, దానితో అరకాగితం నకలు.

“ఈ ముద్ర నీదేనా?”

“నాదే. రాసింది నేను కాదు.”

“ముద్ర నీది, రాత నీది కాదు. బావుంది. మా మేస్త్రీ కూడా అదే అన్నాడు. తాడు నాదే, కట్టింది నేను కాదని.”

అక్క కార్బను ప్రతి తీసి ఆమె చేతికిచ్చింది. లాండ్రీ మనిషి నిలబడే చదివింది. చదువుతుంటే ముఖం మెత్తబడుతుందని అక్క ఆశించి ఉంటే అది జరగలేదు. ఆమె చివరిదాకా చదివి, తిప్పి వెనక వైపు చూసి, అక్కడ ఏమీ లేకపోతే మళ్లీ ముందుకు తిప్పింది.

“ఇందులో వాడేడి?”

“ఎవరు?”

“మేస్త్రీ. అందులో వాడొక్కడే ఉన్నాడు, తాడు లేదు. ఇందులో తాడొక్కటే ఉంది, వాడు లేడు. మీరూ మీ ఆఫీసూ కలిసి పంచుకున్నారా నన్ను?”

అక్క తన పద్ధతి వివరించబోయింది. ఏది తీసేస్తే మొత్తం కూలుతుందో అదే ప్రధానమని, మిగతావన్నీ దాని చుట్టూ ఉన్నవని చెప్పింది. తన జీవితంలో బహుశా మొదటిసారి ఆ మాటలు ఆమె చెవికే పలచగా వినిపించాయి. లాండ్రీ మనిషి పక్కున నవ్వింది. పదకొండేళ్లు అతని కింద పనిచేసింది నేను, కూలింది ఏదో నాకు తెలియదూ అంది. కడ్డీ కట్టిన రోజు నేను నడపనన్నది చెయ్యి పోతుందని మాత్రమే కాదు, నడపమని చెబుతూ వాడు అన్న మాటకు, అంది. ఆ మాట ఏమిటని అక్క అడిగింది. రాయలేని మాట నోటితో చెబుతానా, నా కన్నతల్లికే చెప్పలేదు, అంది. వాకిట్లోంచి వదిన, ఆ మాటే అంటే పోయేది కదా, పంతొమ్మిది పేజీల కాగితం మిగిలేది అంది. లాండ్రీ మనిషి ఆ తలుపు వైపు చూసిన చూపుకి వదిన వంటగదిలోకి వెళ్లిపోయింది.

పునఃపరిశీలన దరఖాస్తు అక్క రాసే తెచ్చింది. లాండ్రీ మనిషి దాన్ని చదివి, పెన్ను తీసుకోకుండా అడిగింది.

“అక్కడ నిన్ను అడుగుతారు కదా. అప్పుడు వాడి సంగతి కూడా చెప్తావా?”

“చూస్తాను.”

“చూడటం కాదు. చెప్తావా, లేదా?”

“చెప్తాను” అంది అక్క. లాండ్రీ మనిషి సంతకం పెట్టింది. ఎనిమిది రోజుల్లో ఆరు మిగిలి ఉండగా దరఖాస్తు కిటికీలో పడింది. వేసిన నంబరు, ముద్ర, గుమాస్తా పొట్టి సంతకం ఉన్న రసీదును అక్క దగ్గరుండి తీయించి, నకలు తీయించి, అసలు లాండ్రీ మనిషికి పంపింది.

దరఖాస్తు కిటికీలో పడ్డ గంటకు అక్క బల్ల దగ్గర నుంచి కుర్చీ తీసేశారు. మధ్యాహ్నానికి మెమో వచ్చింది: పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా రికార్డు గదికి బదిలీ, సంగ్రహాలతో ఎట్టి సంబంధమూ పెట్టుకొనరాదు. ఇన్నేళ్లు ఆమె డబ్బాలోంచి లవంగాలు తీసుకుని నమిలిన పక్క బల్ల మనిషి అడ్డంగా తల తిప్పుకున్నాడు. మెట్ల మీద ఒక సహోద్యోగిని, అక్కా నీ వల్ల మా అందరి సంగ్రహాలూ తవ్వి తీస్తారట, మా పొట్టలు కొట్టి నువ్వు పుణ్యం మూట కట్టుకో అని వెళ్లిపోయింది. వాళ్లకు అక్క మీద పగ లేదు, భయం. భయం పగకన్నా మొరటుగా మాట్లాడుతుంది. అక్క మెమోను మడిచి, తారీకు వేసి, సంచీలో పెట్టింది. రికార్డు గది నేలమాళిగలో, గాలి తిరగని చోట ఉండేది. ఆమె అక్కడ కూర్చుని, పేరు రాయాల్సిన అట్టల మీద పేర్లు రాసింది.

విచారణ ఒక ఉదయం జరిగింది. పొడుగు బల్లకు అటు మండలి: మధ్యలో అధ్యక్షుడు, ఎడమపక్క తరచూ గడియారం చూసుకునే సభ్యుడు, కుడిపక్క అసలు ఏమీ చూడని సభ్యుడు. ఇటు సూపరింటెండెంటు, తన గీతల కాగితాన్ని పెద్ద అట్ట మీద మళ్లీ గీయించి తెచ్చాడు. గోడ పక్క బెంచీ మీద లాండ్రీ మనిషి. అక్కకు నిలబడమని చెప్పారు.

సూపరింటెండెంటు బాగానే మాట్లాడాడు. పాఠకుడి అభిప్రాయానికి తావు లేకుండా ఉండాలనే లెక్క పెట్టామన్నాడు. లెక్క అబద్ధమాడదన్నాడు. మాటతీరు ఇరవై మూడు, కుర్చీ తొమ్మిది, సెలవు ఏడు, కడ్డీ ఒకటి. ఒక్కసారి మాత్రమే వచ్చిన విషయాన్ని ప్రధానమని ఎవరైనా అంటే, అది దరఖాస్తుదారు మనసులోది కాదు, గుమాస్తాగారి మనసులోది అన్నాడు. గడియారం చూసే సభ్యుడు తల ఊపాడు. అధ్యక్షుడు అక్క వైపు తిరిగి, ఒక్కసారి వచ్చింది ప్రధానమెలా అవుతుందో చెప్పమన్నాడు.

“పంతొమ్మిది పేజీల్లో తనను పనిలోంచి తీసేశారన్న మాట కూడా ఒక్కసారే ఉందండీ. మొదటి పేజీ రెండో లైను. అది కూడా ముఖ్యం కాదంటే, ఆవిడ ఇంకా పనిలోనే ఉందనుకోవాలి.”

ఏమీ చూడని సభ్యుడు మొదటిసారిగా తలెత్తి చూశాడు. సూపరింటెండెంటు ఏదో అనబోతే అధ్యక్షుడు చెయ్యెత్తి ఆపి, ఫైలు దగ్గరికి లాక్కుని, పద్నాలుగో పేజీ తీయమన్నాడు. తీశారు. కళ్లజోడు తుడుచుకుని, ఆ వాక్యం చదివాడు. గాయపడిన మనిషి వివరాలు ఆసుపత్రిని అడిగారా అన్నాడు. అడగమని తాను రాసిన కాగితం ఇదీ అని అక్క కార్బను ప్రతి బల్ల మీద పెట్టింది. ఆ గదిలో అటూ ఇటూ ఉన్నవాళ్లందరికీ ఆ నీలిరంగు అక్షరాల కింద ఉన్న తారీకు కనబడింది.

అధ్యక్షుడు వెనక్కి వాలాడు. “సరే. మాకు ఇంకా నాలుగు కేసులున్నాయి. ఈ పంతొమ్మిది పేజీల్లో ప్రధాన విషయం ఒక్క వాక్యంలో చెప్పండి. ఒక్కటే. దాని మీద ఉత్తర్వు ఇస్తాం.”

బెంచీ మీద లాండ్రీ మనిషి ముందుకు వంగింది. అక్కకు ఆ కదలిక చూడకుండానే తెలిసింది.

ఇరవై ఏడేళ్ల అలవాటు ఆమెకు ఏమి చెబుతోందో కూడా తెలుసు. రెండు విషయాలు కలిపి చెబితే ఈ మండలి తేలికైనదాన్ని ఎత్తుకుంటుంది. మేస్త్రీ అన్న మాట అని మొదలుపెడితే, ఏ మాట అని అడుగుతారు. ఏ మాటో ఆవిడ చెప్పదు. చెప్పకపోతే ఎడమపక్క సభ్యుడు గడియారం చూసి నవ్వుతాడు. ఆ నవ్వు కింద కడ్డీ కూడా మునిగిపోతుంది. ఇచ్చిన మాట ఒకటి ఉంది. నిలబెట్టుకుంటే మనిషి మునిగిపోయే మాట అది.

“రక్షణ కడ్డీని తాడుతో కట్టేసిన యంత్రాన్ని నడపనన్నందుకు ఈవిడను తీసేశారు, నడిపిన ఇంకో ఆవిడ చెయ్యి పోయింది” అంది అక్క.

అధ్యక్షుడు రాసుకున్నాడు. పక్క సభ్యులతో రెండు మాటలు గొణిగి, అక్కడికక్కడే ఉత్తర్వు చదివాడు. తిరస్కరణ రద్దు. దరఖాస్తుదారును అదే స్థానంలో, అదే విభాగంలో తిరిగి తీసుకోవలెను. యంత్రాన్ని తనిఖీ చేయించవలెను. సంగ్రహపు సర్క్యులరు మీద సూపరింటెండెంటు విడిగా వివరణ ఇవ్వవలెను. తర్వాతి కేసు పిలిచారు.

నడవాలో లాండ్రీ మనిషి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. అక్క బయటికి వచ్చేదాకా ఆగింది, కృతజ్ఞత చెప్పడానికి కాదు.

“చెప్తానన్నావు.”

“అన్నాను.”

“అదే స్థానం, అదే విభాగం అన్నారు విన్నావా? సోమవారం పొద్దున్న ఆరింటికి నేను వెళ్లి నిలబడేది ఎవడి ముందో తెలుసా? నీ వాక్యంలో వాడు లేడు. కాబట్టి వాళ్ల ఉత్తర్వులోనూ లేడు. కడ్డీకి తాడు విప్పుతారు. వాడికేం విప్పుతారు?”

అక్కకు సమాధానం ఉంది. రెండూ చెప్పి ఉంటే ఇప్పుడు నీకు సోమవారం కూడా ఉండేది కాదు అన్నది ఆ సమాధానం. అది నిజం. అది ఆ ముఖం ముందు నిలబడి చెప్పగలిగిన నిజం కాదని ఆమెకు అర్థమైంది. దానికి విడిగా ఇంకో దరఖాస్తు పెట్టమంది. ఈసారి వేరే ఏమీ కలపకుండా, ఆ ఒక్క సంగతే, ఆ మాటతో సహా, ఒక్క పేజీలో రాయమంది. తాను కూర్చుని సాయం చేస్తానంది.

“నువ్వు ముట్టుకోకు” అంది లాండ్రీ మనిషి. “ఒక్క పేజీ కాదు, ఎన్ని పడితే అన్ని రాస్తాను. నువ్వు తగ్గించిన చోటల్లా మళ్లీ నింపుతాను.”

ఆమె మెట్లు దిగి వెళ్లింది. అక్క రికార్డు గదికి దిగింది.

పదకొండు రోజులకు ఆ దరఖాస్తు వచ్చింది. కిటికీ గుమాస్తా దాన్ని చేత్తో తూచి, ఇరవై ఆరు పేజీలని అందరికీ వినబడేలా చెప్పాడు. ఆ కబురు నేలమాళిగ దాకా వచ్చింది. అక్క దాన్ని చూడటానికి వెళ్లలేదు. చూసే హక్కు మెమోతోనే పోయింది. సూపరింటెండెంటు మండలి అడిగిన వివరణ తయారుచేసుకుంటూ ఆ పాత సీట్లోనే ఉన్నాడు, సర్క్యులరు ఇంకా రద్దు కాలేదు. ఆ ఇరవై ఆరు పేజీల్లో ఆ మాట ఉందో, మళ్లీ అనరాని మాట అనే ఉందో అక్కకు తెలియదు. దాని మీద అరకాగితం ఎవరు రాశారో కూడా ఎవరూ చెప్పలేదు. పదవీ విరమణ దాకా ఆమె రోజూ కిటికీ దగ్గర దరఖాస్తుల నంబర్లు ఎక్కించే ఇన్‌వర్డు పుస్తకంలో ఆ నంబరు ఎదుట ఉన్న గడి చూసి వచ్చేది. చివరి రోజు కూడా అందులో విచారణలో ఉన్నది అనే రాసి ఉంది.